ముగ్గు వేసే బండి
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగం)



రోబోలను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను ఈ శాస్త్రంలో పండితుణ్ణి కాను. ఉద్యోగం వేరు, ఇది సరదా. రోబో అనగానే మనవారికి సినిమాలోని ఇనుప మనిషి కళ్లకు కడతాడు. నా దగ్గరున్నది రెండు చక్రాల చిన్న బండి, దానికొక సుద్దముక్క. దానిచేత మెలికల ముగ్గు వేయించవలెనని నా కోరిక.

బండికి కదలడం వచ్చు. తానెక్కడ ఉన్నదో తెలియదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. చక్రాలు ఎన్ని చుట్లు తిరిగినవో లెక్కపెట్టి, ఇంత దూరం వచ్చాననుకుంటుంది. 65 మిల్లీమీటర్ల చక్రాలలో ఒకటి నూటికి ఒక వంతు పెద్దదనుకోండి. అంటే ముప్పాతిక మిల్లీమీటరు కూడా లేదు. చక్రాల నడుమ ఎడం 15 సెంటీమీటర్లయితే, 3 మీటర్లు పోయేసరికి బండి ముఖం సుమారు 11 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. అది మాత్రం తిన్నగానే వచ్చానని నమ్ముతుంది! మెలికల ముగ్గులో గీత బయలుదేరిన చోటికే వచ్చి కలవాలి గదా. ఇది జానెడు దూరంలో ఆగి, పని అయినదని దీపం వెలిగిస్తుంది.

మా అమ్మగారు చూసి, "చుక్కలు పెట్టకుండా ముగ్గేమిట్రా?" అన్నారు. అసలు రహస్యం అదే. చుక్క అలంకారం కాదు, ఆనవాలు. చెయ్యి కాస్త వంకరపోయినా చుక్క చుక్కకూ కన్ను సరిదిద్దుతుంది. బండికీ చిన్న కెమెరా అమర్చి చుక్కలు చూపించాను. ఇప్పుడు దానికి సాక్షులిద్దరు: చక్రం, కెమెరా. ఏ ఒక్కరి మాటా పూర్తిగా నమ్మదగినది కాదు. ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలో తూచే గణితాన్ని రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ప్రకటించాడు. చంద్రుడి మీదికి మనుషులను చేర్చిన అపోలో నౌకల మార్గనిర్ణయానికి అది తోడ్పడినది. నా బండికీ అదే దిక్కు.

ఏ చుక్కను ఎటు చుట్టాలన్నది వేరే సంగతి. మద్రాసు క్రిస్టియన్ కళాశాల ఆచార్యులు గిఫ్ట్ సిరొమొనీ, రాణీ సిరొమొనీ, వారితో కమలా కృతివాసన్ కలిసి, కోలాలకు వ్యాకరణం కూర్చి 1974లో వ్యాసం ప్రకటించారు. మన వాకిళ్ల ముందరి విద్య అంతటి శాస్త్రమని మనలో ఎందరికి తెలుసు?

యంత్రం వస్తే ఆడపిల్లలు ముగ్గులు మరచిపోతారని ఒక మిత్రుడన్నారు. మా ఇంట్లో జరిగినది వేరు. బండికి నేర్పడానికి ముందు మా అమ్మాయి తాను నేర్చుకోవలసి వచ్చినది. నెలరోజులు నాయనమ్మ దగ్గర కూర్చున్నది. ఆవిడ నోటివెంట వచ్చిన "చుట్టు", "దాటు", "మెలిపెట్టు" అనే మాటలనే ప్రోగ్రాములో ఆజ్ఞలకు పేర్లుగా పెట్టినది, ఇంగ్లీషు అక్షరాలలో. తెలుగు రాయడం దానికింకా రాదు.

పిల్లలకు ఉద్యోగం కోసం సాఫ్ట్‌వేరు చెప్పించే మనం, వాళ్లు బొమ్మకారు విప్పితే కసురుతాము. ఇది నాకు సబబుగా తోచదు.

బండిని వరండాలో ఉంచాను. నేల నునుపు, చక్రం జారవచ్చు. చుక్కలు మాత్రం తొక్కకండి.