పెద్దచేపను పట్టిన పిమ్మట



మన పల్లెలలో చేపలు పట్టుట కూటికొఱకు చేయు పని. వలలో పెద్దచేప పడినచో ఇంటిల్లిపాదికి సంతోషము. దానిని తిరిగి నీటిలో విడిచినవానిని చూచి నలుగురును నవ్వుదురు. అమెరికాదేశమున నన్ననో, వినోదమునకై గాలము వేయువారు కోట్లకొలది కలరు. వారిలో ఒక వివాదము చిరకాలముగా సాగుచున్నది. మిక్కిలి పెద్దచేప గాలమునకు తగిలినప్పుడు దానిని ఇంటికి గొనిపోవుట న్యాయమా, నీటిలో విడుచుట న్యాయమా? ఇది వినోదపరుల ప్రశ్నగా కనబడినను, చెరువుగల ప్రతి గ్రామమునకును పనికివచ్చు విషయము దీనిలో కలదు.

ఆ వివాదమునకు మూలమైన చేప పేరు బాస్. దీని నోరు మిక్కిలి పెద్దది. చిన్నచేపలను, కప్పలను మ్రింగి బ్రదుకును. మన కొఱ్ఱమీనువలె ఇదియు వేటాడు జాతి. కొఱ్ఱమీనువలెనే సంతానమును కాచుకొనును. వసంతకాలమున మగచేప ఒడ్డునకు చేరువగా, లోతులేని తావున, తోకతో అడుగును ఊడ్చి గూడు చేయును. ఆడుచేప అందు గ్రుడ్లు పెట్టి తొలగిపోవును. గ్రుడ్లకును పిల్లలకును మగచేపయే కావలి. ఆ సమయమున దానిని పట్టుకొనిపోయినచో గ్రుడ్లు ఇతర చేపల పాలగును. ఆడుచేప మగదానికంటె పెద్దదిగా పెరుగును. కావున పది పౌనులు దాటిన బాస్ దాదాపుగా ఎప్పుడును ఆడుచేపయే. అంతటి బరువు వచ్చుటకు పలుచోట్ల పదియేండ్లవఱకు పట్టును.

1932వ సంవత్సరము జూను 2వ తేదీన జార్జియా రాష్ట్రమందలి మాంట్‌గామరీ సరస్సులో జార్జి పెర్రీ అను యువ కర్షకుడు 22 పౌనుల 4 ఔన్సుల బాస్‌ను పట్టెను. మన నేటి లెక్కలో అది పది కిలోగ్రాములకు పైమాట. ఆ దినములలో దేశమంతటను ఆర్థికమాంద్యము తాండవించుచుండెను. పెర్రీ చేపను తూయించి ఇంటికి గొనిపోయెను. కుటుంబమువారు వండుకొని తినిరి. దీనిలో తప్పెన్నుట తగదు. లేమిగల ఇంట చేప ఆహారమేగాని కీర్తిచిహ్నము గాదు.

తరువాత కాలము మారినది. గాలమువేయువారు పెరిగిరి; ఎక్కువ బరువు పట్టినవారికి బహుమతులిచ్చు పందెములు బయలుదేరినవి. తూచిన చేపలన్నియు చచ్చుచుండుటచే విమర్శ కలిగెను. అట్టి పందెములను నడపిన రే స్కాట్ అను నాతడు 1972లో, చేపలను ప్రాణముతో నుంచి, తూచిన పిదప నీటిలో విడుచు పద్ధతిని ప్రచారము చేసెను. టెక్సస్ ప్రభుత్వము 1986లో మఱియొక అడుగు వేసెను. 13 పౌనులు, అంతకుమించియు తూగిన బాస్‌ను ప్రాణముతో అప్పగించినచో, దానిచేత గ్రుడ్లు పెట్టించి, పిల్లలను సరస్సులలో వదలి, తల్లిని తిరిగి నీటికి చేర్చు ఏర్పాటది.

ఇందులోని యుక్తి మన రైతులకు క్రొత్తది కాదు. కళ్లములో మేలైన కంకులను విత్తనమునకై వేఱుచేసి, తక్కినవానిని దంచుకొందుము. పెద్ద తల్లిచేప విత్తనపుగింజవంటిది. దాని బరువు పెరిగినకొలది గ్రుడ్లును పెరుగును. పది ఎండ్లను, కరవులను, శత్రువులను దాటి బ్రదికిన ప్రాణి అది. తినుటకైనను అది శ్రేష్ఠము గాదు. వేటాడు చేపలు ముదిరినకొలది వాని మాంసమున పాదరసము ఎక్కువగా చేరును. ఇక కీర్తియందురా, పొడవును, చుట్టుకొలతను కొలిచి, ఛాయాచిత్రము తీసికొని, చేపను విడిచిపెట్టి, ఆ కొలతలతో ప్రతిమను చేయించుకొనువారు నేడు కలరు.

అట్లని ప్రతి చేపను విడుచుటయే ధర్మమని తలపరాదు. చిన్న కుంటలలో బాస్ పిల్లలు మితిమీరినచో మేత చాలక అన్నియు గిడసబారిపోవును. అట్టిచోట చిన్నవానిని తీసి తినుటయే మేలు. టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ సరస్సున ఒక నియమము కలదు. 16 అంగుళములలోపు చేపలను ఉంచుకొనవచ్చును; 16కు మించి 24కు తక్కువైనవానిని విడువవలెను; 24 అంగుళములు, అంతకు పైబడినది దినమునకు ఒక్కటియే. చిన్నది పంట, పెరుగుచున్నది విత్తనము అన్న విచక్షణ ఇందు కనబడుచున్నది.

మఱియొక సంగతి. 2009వ సంవత్సరము జూలై 2వ తేదీన జపాను దేశమందలి బీవా సరస్సులో మనాబు కురీతా అను నాతడు పెర్రీ చేపకు సమానమైన బాస్‌ను పట్టెను. కాని జపానులో బాస్ స్వదేశపు చేప గాదు. వెలుపలినుండి తెచ్చి వదలినది. అచ్చటి చేపలను తినివేయుచున్నది. అందుచేత ఆ సరస్సున పట్టిన బాస్‌ను తిరిగి విడుచుటయే నిషిద్ధము. అమెరికాలో పుణ్యమైన పని బీవాలో దోషమైనది. కాబట్టి చేపను మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు. నీటిని చూచి చెప్పవలెను.

విడుచుటయందును బాధ్యత కలదు. పొడిచేతులతో పట్టినచో ఒంటిమీది జిగట పొర పోయి చేప రోగముపాలగును. బరువైనదానిని దవడ పట్టి వ్రేలాడదీయరాదు. పొట్టక్రింద రెండవచేయి ఆనవలెను. గాలము లోతుగా దిగినచో పెరుకక దారమును కోయుట మేలు. మండువేసవిలో అలసిన చేప విడిచినను చచ్చు ప్రమాదము ఎక్కువ. ఆటకై ప్రాణిని బాధించి విడుచుట దయయా యని ప్రశ్నించువారును కలరు. విడువవలెనను సంకల్పముతోనే చేపను పట్టుటను స్విట్జర్లాండు నిషేధించినది. ఆ ప్రశ్న త్రోసివేయదగినది గాదు.

ఇక మన చెరువుల మాట. బొచ్చె, శీలావతి చేపలు నిలువనీట సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. పిల్లలను తెచ్చి వదలి, పెంచి, పట్టుకొనుటయే వాని వ్యవసాయము. వానిని విడిచినందున ఫలము లేదు. కొఱ్ఱమీను అట్లు గాదు. చెరువులోనే సంతతి పెంచును. వానకారున ఎఱ్ఱని పిల్లల గుంపు నీటిపైకి వచ్చి ఆడుచుండగా, దాని క్రిందనే పెద్దకొఱ్ఱ కాపుండును. ఆ గుంపును గుర్తుగా పెట్టుకొని పెద్దదానిని పట్టుట సులభము. కాని ఆ ఒక్క పూట కూరకు వందలకొలది పిల్లలు దిక్కులేనివగును. ఆ నెలలలో కొఱ్ఱను ముట్టరాదని గ్రామపెద్దలు కట్టుబాటు చేసినచో, రాబోవు ఏటి కూర చెరువులోనే పెరుగుచుండును. పట్టగల నేర్పు పలువురకు కలదు. విడువవలసినదానిని ఎఱుగు వివేకమే చెరువును నిలుపును.