మెల్బోర్న్ వెళ్లే తల్లిదండ్రులకు కొన్ని మాటలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు మన అనంతపురం నుంచి ఊరు విడవడమంటే, కరువు తరిమితే బెంగళూరుకో గల్ఫుకో పోవడమే. ఇప్పుడు మన పిల్లలు ఆస్ట్రేలియా దాకా పోతున్నారు. 2021 నాటి ఆ దేశపు జనగణనలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేల పైచిలుకు, ముస్లింలు 8 లక్షల పైచిలుకు తేలారు. కనుక “అక్కడ మనవాళ్లెవరుంటారు?” అన్న బెంగ అక్కరలేదు. మాలో కొందరం పిల్లల పిలుపు మీద మెల్బోర్న్ వెళ్లి నెలల తరబడి ఉండి వచ్చాము. వెళ్లబోయే వారికి పనికొస్తాయని ఈ నాలుగు ముక్కలు చెబుతున్నాము.

మొదట మూటల సంగతి. పెనుకొండ బాబయ్య ఉరుసుకు పోయినట్టు అన్నీ కట్టుకొని పోతే కుదరదు. విత్తనాలు, పచ్చి శెనక్కాయలు, మాంసం, పాలతో చేసిన మిఠాయిలు, తేనె వంటివాటి మీద అక్కడ గట్టి నిఘా. తమ పంటలకు బయటి తెగుళ్లు సోకకూడదని వారి భయం. గొంగళి పురుగు మన శెనగ చేలను ఎట్లా తినేస్తుందో చూసినవాళ్లం, ఆ భయాన్ని మనం తప్పు పట్టలేము. విమానం దిగేటప్పుడు నింపే కాగితంలో ఊరగాయ, పొడులతో సహా ప్రతి తిండి వస్తువూ ఉందని రాయండి. రాస్తే మహా అయితే తీసి పారేస్తారు. దాచి దొరికితే వేల డాలర్ల జరిమానా, ఒక్కోసారి వీసా కూడా రద్దు. మందులు మూడు నెలలకు మించకుండా, డాక్టరు ఇంగ్లీషులో రాసిచ్చిన చీటీతో పాటు పెట్టుకోండి.

ఇక నీళ్లు. మెల్బోర్న్ అంటే నీళ్లకు కొదవ లేని ఊరనుకుంటాము. మన జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అక్కడ పడేది 600 దాటి కాస్త ఎక్కువ, అంతే. 1997 నుంచి 2009 దాకా అక్కడా పెద్ద కరువే నడిచింది. 2008లో మనిషికి రోజుకు 155 లీటర్లు మించవద్దని ప్రభుత్వమే ప్రచారం చేసింది. చివరకు సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారాన్ని వాంథాగీ అనే చోట కట్టుకున్నారు. అది 2012లో పూర్తయింది. ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టిన మన ఆడవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. కొళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు, కాచనక్కర లేదు. వుజూకు కొళాయి సన్నగా తిప్పుకోండి. స్నానాల గదిలో నేలంతా తడిపితే కోడలికి పని పెరుగుతుంది, పక్కగదిలో తివాచీ నానుతుంది. మరుగుదొడ్డిలో చెంబు ఉండదు, కాగితమే. సిగ్గుపడకుండా ఒక ప్లాస్టిక్ చెంబు ఇక్కడినుంచే పెట్టెలో వేసుకోండి.

నమాజు చదివేవారికి ఒక హెచ్చరిక. అక్కడ నడిమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. మన అలవాటు ప్రకారం ఎండను చూసి దిక్కు లెక్కగడితే తారుమారవుతుంది. ఖిబ్లా మాత్రం మనకు లాగే పడమరకు, కాస్త ఉత్తరం వాలుగా ఉంటుంది. వేళలూ కొత్తే. డిసెంబరులో మగ్రిబ్ రాత్రి ఎనిమిదిన్నర దాటాక, జూన్‌లో సాయంత్రం ఐదు దాటిన కాసేపటికే. మన గడియారం కంటే నాలుగున్నర గంటలు ముందు. అక్టోబరు నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా ఐదున్నర. వాళ్ల వేసవి డిసెంబరు, చలి జూన్, జూలై. ఎండలు మనకు కొత్తగావు గానీ, 2009 ఫిబ్రవరి 7న అక్కడ 46.4 డిగ్రీలు కాసింది! ఉదయం ఎండ, మధ్యాహ్నం చల్లగాలి ఒకే రోజున వస్తాయి, స్వెట్టరు చేతిలో ఉండాలి.

మనవాళ్లు ఆ నేలకు కొత్త కాదు. 1860లో కరాచీ నుంచి ఓడలో వచ్చిన ఒంటెలతో పాటు వాటిని తోలే ముస్లింలు కొందరు మెల్బోర్న్‌లో దిగారు. తర్వాతి ఏళ్లలో వచ్చినవారిలో మన ఉపఖండం వారెందరో. వారందరినీ అక్కడివారు ‘అఫ్గాన్లు’ అనేవారు. అడిలైడ్‌లో 1880ల చివర వారు కట్టిన మస్జిద్ నేటికీ నిలిచి ఉంది.

జబ్బు చేస్తే ఏమిటన్నది అసలు ప్రశ్న. అక్కడి ప్రభుత్వ వైద్యం చుట్టపుచూపుగా వెళ్లిన మనకు వర్తించదు. బీమా లేకుండా ఒక్క రాత్రి ఆసుపత్రిలో పడుకుంటే పిల్లల ఏడాది పొదుపు ఊడ్చుకుపోవచ్చు. పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివించుకొని మరీ బీమా తీసుకోండి. టికెట్టుకు నగలు కుదువపెట్టేవారు ఆ సొమ్ములోనే దీన్నీ లెక్క వేసుకోవాలి. ప్రాణాపాయానికి ఫోను 000. ఇంగ్లీషు రానివారు ఆసుపత్రిలో “తెలుగు” అని ఒక్క మాటంటే ఫోనులో దుబాసీని పిలుస్తారు.

పగటిపూట ఇంట్లో ఒంటరితనం ఒకటుంది, దాన్ని గురించి ఎవరూ చెప్పరు. కొడుకూ కోడలూ ఉదయమే పనికి పోతారు. వీధిలో మనిషి కనబడడు. మనవడిని చూసుకోవడానికి పిలిచారా, మనల్ని చూసుకోవడానికి పిలిచారా అని రెండో నెలలో అనుమానం పుడుతుంది. ముఖ్యంగా మన ఆడవాళ్లు కిటికీ దగ్గర కూర్చుని ఊరు తలుచుకొని కళ్లు తుడుచుకుంటారు. పిల్లలు వింటున్నట్లయితే వాళ్లకూ ఇదే చెబుతున్నాము: అమ్మకు టీవీ కంటే దారి తెలియడం ముఖ్యం.

మైకీ అనే కార్డు ఒకటి కొనివ్వమనండి. రైలుకూ, బస్సుకూ, ట్రాముకూ అదే. రైలుకైతే ఎక్కే ముందే స్టేషనులో, బస్సు, ట్రాములైతే ఎక్కగానే యంత్రానికి తాకించాలి. రైలు, బస్సు దిగేటప్పుడు మళ్లీ తాకించాలి. నగరం నడిబొడ్డున కొంత మేర ట్రాము ఉచితం, 2015 నుంచి. 19వ నంబరు ట్రాము సిడ్నీ రోడ్డు మీదుగా కోబర్గ్ వైపు పోతుంది. ఆ దారంతా తుర్కీ, లెబనాన్ వారి దుకాణాలు, హలాల్ మాంసం కొట్లు. ప్రెస్టన్ రైలు స్టేషనుకు నడిచేంత దూరంలోనే పెద్ద మస్జిద్ ఉంది. మొదటిసారి కొడుకును తోడు తీసుకోండి. రెండోసారి అతన్ని వెనక సీట్లో కూర్చోమని మీరే ముందు నడవండి. మూడో జుమాకు ఇద్దరూ కలిసి, ఇంటి అడ్రసు కాగితం జేబులో పెట్టుకొని, మీ అంతట మీరే పోయి రండి.