కవరు మీది సైజు కాదు, టేపు మీది కొలత
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో కుట్టుపని చేసే ఒక సభ్యురాలి ప్రసంగ పాఠం)



మిషను ముందు కూర్చుంటే నా చేతులు ఆడతాయి గానీ, మైకు ముందు నోరు ఆడదు. పోయిన ఏడాది నేను కుట్టిన ఒక గౌను గురించి చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. అందులో నష్టం ఉంది, నేర్చుకున్నదీ ఉంది. రెండూ దాచకుండా చెప్తాను.

మా ఊరి అమ్మాయి ఒకామె అమెరికాలో ఉద్యోగం చేస్తుంది. సంక్రాంతికి వస్తూ ఒక కాగితం కవరు తెచ్చింది. పైన బొమ్మలో నడుము బిగువుగా, కింద గొడుగులాగా విప్పారిన పాతకాలం గౌను. "అక్కా, అక్కడ మా స్నేహితులమంతా పాత ఫ్యాషన్ బట్టలు వేసుకుని ఒక వేడుక చేసుకుంటున్నాం. ఇది కుట్టిపెడతావా" అంది. మంగళగిరి నూలు గుడ్డ అయిదు మీటర్లు కూడా చేతిలో పెట్టింది.

ఆ కవరులో పల్చటి కాగితం మీద గౌను ముక్కలన్నీ గీసి ఉంటాయి. మనం ఆది జాకెట్టు పెట్టి గీసుకుంటాం కదా, అక్కడ ఆ గీసే పని ముందే చేసి అమ్ముతారు. అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ 1863లో ఒకే నమూనాను వేరు వేరు సైజుల్లో కాగితం మీద అమ్మడం మొదలుపెట్టాడు. అంటే ఈ పని కూడా మనలాంటి ఒక దర్జీ ఇంట్లో నుంచి పుట్టిందే.

నేను కుట్టిన నమూనా 1952 నాటిది. బటరిక్ వాళ్లదే. పొద్దున టిఫిను అయ్యాక మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనానికి అది వేసుకుని వెళ్లొచ్చని అప్పట్లో ప్రచారం చేశారు. ముక్కలు తక్కువ. ముందు ముక్క వెనక్కి చుట్టుకుని వీపు మీద కలుస్తుంది. అంబ్రెల్లా కటింగు ఉన్న వెనక ముక్క ముందుకొచ్చి నడుము దగ్గర గుండీలతో ఆగుతుంది. అంచులన్నిటికీ క్రాస్ పట్టీ వేస్తారు. యుద్ధం రోజుల్లో గుడ్డకు కరువు. బ్రిటన్‌లో అయితే 1941 నుంచి 1949 దాకా బట్టలకు కూపన్లే. 1947లో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ మీటర్ల కొద్దీ గుడ్డ పట్టే ఘేరు గౌన్లు చూపించాక, అదే ఫ్యాషన్ అయింది.

ఇప్పుడు నా తప్పు. ఆ అమ్మాయి హైదరాబాదులో అత్తగారింట్లో ఉంది. ఫోనులో "నా సైజు 8 అక్కా" అంది. కాగితం మీద 8, 10, 12, 14 అని నాలుగు గీతలున్నాయి. నేను 8 గీత మీద కత్తెర పెట్టేశాను. వేసి చూస్తే ఛాతీ దగ్గర పట్టేసింది. వెనక హుక్కులు నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయాయి.

మా పాప పదో తరగతి. కవరు వెనక ఉన్న పట్టిక అది కూర్చుని చదివింది. ఆ నమూనాలో 8 అంటే ఛాతీ 31½ అంగుళాలు, 14 అంటే 36. ఆ అమ్మాయి ఛాతీ 36. షాపులో కొనే రెడీమేడ్ సైజుకీ, ఈ కాగితం సైజుకీ పొంతన లేదు. పట్టిక కవరు మీదే ఉంది. చదవనిది నేను. టేపు మెడలోనే ఉంది. కొలవనిది నేను.

వాళ్లమ్మ "పోనీలే అమ్మా" అంది. నాకు మనసొప్పలేదు. సంఘంలో చెప్పి అంతర్గత అప్పు 2,000 తీసుకుని మళ్లీ గుడ్డ తెచ్చాను. ప్రయాణానికి తొమ్మిది రోజులే ఉంది. ఈసారి ఇలా చేశాను.

ఒకటి, మనిషిని పిలిపించి ఛాతీ, నడుము, తుంటి, వీపు పొడవు కొలిచాను. నడుము 31. పట్టికలో 14కు నడుము 28. అందుకని 14 గీత తీసుకుని, ముందు ముక్కకు నడుము దగ్గర అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర అంగుళం పెంచాను. వెనక ముక్కకూ అంతే.

రెండు, గీసిన కాగితం కత్తిరించలేదు. బ్రౌను పేపరు మీదికి ఎత్తుకున్నాను. కాగితం ఉంటే ఇంకో సైజు మళ్లీ తీసుకోవచ్చు.

మూడు, పై భాగం మాత్రం కోరా గుడ్డతో కచ్చా కుట్టు వేసి ఆమెకు తొడిగి చూశాను. తేడా ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

నాలుగు, కాగితం మీద బాణం గుర్తు ఉంటుంది. అది పడుగు వైపు, అంటే అంచుకు సమానంగా పెట్టాలి. వంకర పెడితే గౌను ఒక పక్కకు తిరుగుతుంది. చేనేత ఇళ్ల ఆడవాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు.

అయిదు, ఈ నమూనాలో కుట్టు మార్జిను 5/8 అంగుళం, అంటే అయిదు నూళ్లు, లోపలే కలిపి ఉంటుంది. అలవాటు కొద్దీ మనం మళ్లీ కలిపితే వదులైపోతుంది. కొన్ని నమూనాల్లో కలపరు. కాబట్టి ప్రతిసారీ చదవాలి.

ఆరు, అంబ్రెల్లా ముక్కను ఒక రాత్రంతా వేలాడదీసి, తర్వాతే కింది అంచు మడిచాను. ఏటవాలు గుడ్డ సాగుతుంది. తొందరపడి ముందే మడిస్తే అంచు ఎత్తుపల్లాలుగా వస్తుంది.

గౌను సరిపోయింది. ఆమె అద్దం ముందు ఒక చుట్టు తిరిగి, "అక్కా, బొమ్మలో ఉన్నట్టే ఉంది" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఇక లెక్క. మొదటి గౌనుకు నేను అడిగింది 600. పంజాబీ డ్రెస్సులాగా అనుకుని చెప్పేశాను. తర్వాత వాళ్ల బంధువులవే రెండు గౌన్లు వచ్చాయి, ఒక్కోటి 1,800. పాడైన గుడ్డలో నుంచి చిన్నపిల్లల గౌన్లు రెండు తీసి 700కు అమ్మాను. మొత్తం 4,900. ఖర్చు చూస్తే గుడ్డ 2,000, అప్పు వడ్డీ 50, కోరా గుడ్డ, దారం, గుండీలు 450. మిగిలింది 2,400. పట్టిన గంటలు 60. గంటకు 40 రూపాయలు పడింది. తప్పు లేకుండా కుట్టిన తర్వాతి గౌను ఒక్కోటి 12 గంటలు పట్టింది. దానికి గంటకు 150. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కడ నుంచి వచ్చింది? కొలవడం, చదవడం, పని గంటలు లెక్కపెట్టి ధర చెప్పడం. అంతే.

మన సమాఖ్యకు నావి మూడు విన్నపాలు. కుట్టుపని చేసే సభ్యులందరికీ ఒక కొలతల కార్డు అచ్చు వేయించండి. కొలతలు రాసి, కస్టమరుతో సంతకం పెట్టించుకుందాం. పెద్ద పనికి సగం డబ్బు ముందే తీసుకోవాలని తీర్మానం చేద్దాం. ఇలాంటి నమూనాలు చదవడం నెలకోసారి కూర్చుని నేర్చుకుందాం. ఇంగ్లీషు రాదని భయపడొద్దు. మన ఇళ్లలో చదువుకునే ఆడపిల్లలున్నారు. మా పాపే నాకు చదివిపెట్టింది. అంకెలు, గీతలు, బాణాలు మనకు తెలిసిన భాషే.

పాడైన గుడ్డ ముక్క ఒకటి నా మిషను సొరుగులో దాచుకున్నాను. కత్తెర పట్టే ముందు ఒకసారి చూసుకుంటాను. నన్ను ఆ రోజు ఒంటరిని చేయకుండా అప్పు ఇచ్చి నిలబెట్టిన మా సంఘం అక్కలకు దండం పెడుతున్నాను.