చివరి గుంపును వదలకండి
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగం)



నన్ను 'విజయానికి మెట్లు' అనే విషయం మీద మాట్లాడమన్నారు. నేను బీఈడీ చేశాను, కొన్నాళ్లు పాఠాలు చెప్పాను, తర్వాత వార్డెన్‌గా వచ్చాను. గెలిచిన వాళ్ల గురించి చెప్పడం నాకు బాగానే వచ్చు. ఈరోజు మాత్రం ఒక సైకిల్ పందెం గురించి చెబుతాను. దానిలో గెలిచిన వాళ్లున్నారు, చివర్లో వచ్చిన వాళ్లూ ఉన్నారు. నాకు ఎక్కువ నేర్పింది ఆ చివర్లో వచ్చిన వాళ్లే.

ఫ్రాన్స్ దేశంలో 1961 నుంచి ఒక పందెం జరుగుతోంది. పేరు టూర్ ద లావెనీర్. 'అవెనీర్' అంటే వాళ్ల భాషలో భవిష్యత్తు. ఇప్పుడది 23 ఏళ్లలోపు కుర్రాళ్ల పందెం. ప్రతి దేశం ఒక చిన్న జట్టును పంపుతుంది. ఒక్కరోజుతో అయిపోయేది కాదు, రోజుల తరబడి సాగుతుంది. ఈరోజు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, రేపు అక్కడి నుంచి మరో ఊరికి. కొన్ని రోజులు చదును నేల మీద, ఆఖరి రోజుల్లో ఆల్ప్స్ కొండల మీద. మన పాడేరు ఘాట్ ఎక్కి దిగిన వాళ్లకి కొండ రోడ్డు అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. 2023 నుంచి అమ్మాయిలకూ ఈ పందెం పెడుతున్నారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మా హాస్టల్ పిల్లలు 'అమ్మాయిలకు లేదా మేడమ్?' అని వెనకనుంచి అరుస్తారు.

నేను దీన్ని మొదట చూసింది మా అబ్బాయి ఫోన్లో. సైకిళ్ల కోసం కాదు, కాఫీ కోసం చూశాను. కొలంబియా జట్ల గురించి చెబుతుంటే 'కాఫీ' అన్న మాట వినపడింది. మన ఏజెన్సీలో సిల్వర్ ఓక్ నీడన మనం పెంచే అరబికా కాఫీనే వాళ్లూ కొండల మీద పెంచుతారు. 1980ల్లో అక్కడి కాఫీ రైతుల సమాఖ్య డబ్బు పెట్టి ఒక సైకిల్ జట్టును నడిపింది. ఆ జట్టు పేరు కూడా 'కొలంబియా కాఫీ' అనే. కాఫీ పండ్లు ఏరే వాళ్ల సమాఖ్య, ఫ్రాన్స్ రోడ్ల మీదికి తన పిల్లల్ని పంపింది. అది విని కూర్చుండిపోయాను.

ఆ జట్లలో తొక్కిన లూచో ఎరేరా పూల తోటల్లో పనిచేసిన కుర్రాడు. వాళ్ల దేశంలో ఆయన్ని ముద్దుగా 'చిన్న తోటమాలి' అనేవారు. 1984లో టూర్ ద ఫ్రాన్స్‌లో ఆల్ప్ దుయెజ్ అనే కొండ మీదికి అందరికంటే ముందు చేరాడు. ఆ పందెంలో ఒక రోజు గెలిచిన మొదటి కొలంబియా మనిషి ఆయనే. అంతకు ముందు 1980లోనే అల్ఫోన్సో ఫ్లోరెస్ ఈ భవిష్యత్తు పందెం గెలిచాడు. 1985లో ఇంకో కొలంబియా మనిషి గెలిచాడు, ఆ తర్వాత అదే పందెం మళ్లీ ఒక కొలంబియా కుర్రాడు గెలవడానికి 25 ఏళ్లు పట్టింది.

2010లో నైరో కింతానా వచ్చాడు. అప్పటికి 20 ఏళ్లు. బొయాకా అనే కొండ ప్రాంతంలో, కూరగాయలు, పళ్లు సంతల్లో అమ్ముకునే రైతు కుటుంబం. ఇల్లు ఉన్న చోటు సముద్రమట్టానికి 2,800 మీటర్లకు పైన. మన తూర్పు కనుమల్లో ఎత్తయిన శిఖరాలే 1,700 మీటర్లు దాటవు, లెక్క వేసుకోండి. బడి సుమారు 16 కిలోమీటర్ల దూరం. బస్సు ఛార్జీలు మిగులుతాయని సైకిల్ కొన్నారు. పొద్దున్న బడికి దిగుడు, సాయంత్రం ఇంటికి ఎక్కుడు. ఆ కుర్రాడు 2010లో పందెం ఆఖరి రోజుల్లో కొండల మీద రెండు దశలు గెలిచి, మొత్తం పందెం గెలిచాడు. తర్వాత 2014లో ఇటలీ దేశపు పెద్ద పందెం, 2016లో స్పెయిన్ దేశపు పెద్ద పందెం గెలిచాడు. ఎగాన్ బెర్నాల్ అనే ఇంకో కొలంబియా కుర్రాడు 2017లో భవిష్యత్తు పందెం గెలిచి, 2019లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. లాటిన్ అమెరికా నుంచి అది గెలిచిన మొదటివాడు అతనే.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే మీరు చప్పట్లు కొడతారు. 'కష్టపడితే ఎవరైనా నైరో కావచ్చు' అని నేను కూర్చోవచ్చు. చాలా ఏళ్లు నేను అలాగే మాట్లాడాను. కానీ అది సగం కథే.

సైకిల్ పందెంలో గాలి పెద్ద శత్రువు. ముందు తొక్కేవాడు గాలిని చీల్చుకుంటూ పోతాడు. వాడి వెనకాలే అంటిపెట్టుకుని తొక్కేవాడికి శ్రమ పావు వంతుకు పైగా తగ్గుతుంది. అందుకే జట్టులో వంతులు వేసుకుంటారు. కొండ మొదలయ్యేదాకా తమ నాయకుడికి గాలి తగలకుండా మిగతావాళ్లు ముందుండి లాగుతారు. నాయకుడికి పంక్చర్ పడితే ఒకడు ఆగి తన చక్రం ఇచ్చేస్తాడు. ఒకడు వెనకున్న కారు దగ్గరికి వెళ్లి నీళ్ల సీసాలు చొక్కాలో కుక్కుకుని మళ్లీ ముందుకు తొక్కుకొస్తాడు. 2010లో నైరో మొదటి స్థానంలో నిలిస్తే, అదే జట్టులోని జార్లిన్సన్ పంతానో మూడో స్థానంలో వచ్చాడు. ఒక్కడి బలంతో అయ్యే పని కాదది.

ఇంకొక లెక్క చూడండి. జట్టు మొత్తం కలిసి గడియారంతో పోటీపడే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజు సాధారణంగా జట్టులో మొదట వచ్చినవాడి సమయం చూడరు. నాలుగోవాడో ఐదోవాడో గీత దాటినప్పుడే జట్టు సమయం రాస్తారు. ఒక్కడు దూసుకుపోతే లాభం లేదు. మన థింసా లాంటిదే. నడుములు పట్టుకుని ఆడే వరసలో ఒకామె ఎంత బాగా అడుగు వేసినా, చివరామె చెయ్యి జారిపోతే వరస తెగిపోతుంది కదా.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు విషయానికి వస్తున్నాను.

కొండల రోజు ప్రతి ఒక్కరికీ ఒక గడువు ఉంటుంది. గెలిచినవాడి సమయానికి కొంత శాతం కలిపి గడువు కడతారు. ఆలోపు గీత దాటనివాడు మర్నాడు తొక్కడానికి లేదు, ఇంటికే. పందెం వెనకాల ఒక బండి వస్తుంటుంది. దాన్ని చీపురు బండి అంటారు. మానేసిన వాళ్లను ఎక్కించుకునే బండి అది. దానికి దొరక్కుండా ఉండాలని వెనకబడిన వాళ్లు ఒక పని చేస్తారు. వేర్వేరు జట్ల వాళ్లయినా, నిన్నటిదాకా పోటీదారులైనా, అందరూ ఒక గుంపు కడతారు. ఆ గుంపును గ్రుపెట్టో అంటారు, చిన్న గుంపు అని అర్థం. 'బస్సు' అని కూడా పిలుస్తారు. అందులో అనుభవం ఉన్నవాడొకడు లెక్క కడతాడు. ఇంకా ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని నిమిషాలు, ఈ వేగంతో పోతే చాలు, కంగారు వద్దు అని. బతుకుతామా లేదా అన్నది ఆ లెక్క మీదే ఉంటుంది.

2011లో టూర్ ద ఫ్రాన్స్‌లో గాలిబియే కొండ రోజున 88 మంది గడువు దాటి వచ్చారు. అంతమందిని పంపేస్తే పందెమే ఉండదు కాబట్టి, పాయింట్లు తగ్గించి కొనసాగనిచ్చారు. ఆ 88 మందిలో మార్క్ కావెండిష్ ఒకడు. కొన్ని రోజుల తర్వాత పారిస్‌లో, వేగంగా తొక్కేవాళ్లకిచ్చే ఆకుపచ్చ చొక్కా తొడుక్కున్నది అతనే. ఆరోజు ఒంటరిగా వెనకబడి ఉంటే, అతని పందెం అక్కడితో అయిపోయి ఉండవచ్చు.

ఇది విన్నప్పుడు నాకు మా హాస్టల్ గోడ గుర్తొచ్చింది.

నేను వార్డెన్‌గా వచ్చిన కొత్తలో పదో తరగతి పిల్లల మార్కులు వరసగా రాసి భోజనాల గది గోడకు అంటించేదాన్ని. పై పేర్లున్న వాళ్లను ముందు బెంచీల్లో కూర్చోబెట్టి రాత్రి పదింటిదాకా నేనే చదివించేదాన్ని. అడుగున ఉన్న వాళ్లను 'మీరు మీరు చదువుకోండమ్మా' అని వదిలేసేదాన్ని. ఆ ఏడాది ఒకమ్మాయికి మండలంలోనే మంచి మార్కులొచ్చాయి. నాకు శాలువా కప్పారు. లెక్కల్లో ఏడుగురు తప్పారు. సప్లిమెంటరీ ఉంది కదా, రాసుకుంటారులే అనుకున్నాను. వేసవి సెలవులు, హాస్టల్‌కు తాళం వేసి నేను మా ఊరు వెళ్లిపోయాను.

రెండేళ్ల తర్వాత సంతలో ఆ ఏడుగురిలో ఒకమ్మాయి కనబడింది. చంకలో బిడ్డ. పసుపు కొమ్ములు అమ్ముతోంది. సప్లిమెంటరీ రాశావా అని అడిగాను. నవ్వింది. "ఎప్పుడు కట్టాలో ఎవరూ చెప్పలేదు మేడమ్. మా ఊళ్లో ఫోన్ పలకదు కదా. మీరొస్తారేమో అనుకున్నాను" అంది.

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆమె పసుపు కొమ్ములు రెండు ఎక్కువే వేసి ఇచ్చింది.

ఇంటికి వచ్చి ఆలోచించాను. ఆ పిల్ల లెక్కల్లో తప్పింది కొద్ది మార్కులతో. చదువు ఆగింది మాత్రం మార్కుల వల్ల కాదు. ఫలితాలొచ్చాక ఫీజు కట్టడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. ఆ సంగతి పట్నంలో పిల్లలకు గంటలో తెలుస్తుంది. కొండ మీద పిల్లకు గడువు అయిపోయాక తెలుస్తుంది. ఆమె ఒంటరిగా వెనకబడింది. లెక్క కట్టి చెప్పేవాళ్లు పక్కన లేరు. నేను ముందున్న కారులో కూర్చుని గెలిచినవాళ్లకు నీళ్లిస్తున్నాను.

అప్పటినుంచి గోడ మీద కాగితం తీసేశాను. ఫలితాల రోజున నేను సెలవులో వెళ్లను. ఉత్తీర్ణులైన వాళ్లకు ఫోన్లో శుభాకాంక్షలు చెబుతాను, తప్పిన వాళ్ల ఇళ్లకు మనిషిని పంపుతాను, వీలైతే నేనే వెళ్తాను. ఫీజు కట్టించి రసీదు చేతిలో పెట్టాకే తిరిగి వస్తాం. వేసవిలో హాస్టల్ తెరవరు కాబట్టి ఊరి బడి అరుగు మీదే కూర్చోబెడతాం. వాళ్లకు చెప్పేది ఒకసారి తప్పి, తర్వాత గట్టెక్కిన సీనియర్ అమ్మాయి. ఆమె మా 'బస్సు' డ్రైవరు. నూటికి నూరు తెమ్మని ఆమె ఎవరికీ చెప్పదు. "35 కావాలి. ఏ పాఠాలతో 35 వస్తాయో చూద్దాం" అంటుంది. మొదటి ఏడు ఐదుగురు కూర్చున్నారు. నలుగురు గట్టెక్కారు. ఐదో అమ్మాయి మళ్లీ తప్పింది. ఆమెను ఓపెన్ స్కూల్‌లో చేర్పించాం. కాఫీ పండ్లు ఏరే రోజుల్లో పని చేసుకుంటూనే చదువుతోంది.

పిల్లలూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో చాలామంది విశాఖలో చదువుతున్నారు, కొందరు ఉద్యోగాలు చేస్తున్నారు. మీలోంచి ఒక నైరో రావాలని నాకూ ఉంది. వస్తే మొదటి చప్పట్లు నావే. కానీ ఈ సభ నుంచి వెళ్లేముందు మిమ్మల్ని మూడు పనులు అడుగుతున్నాను.

ఒకటి, మీ ఊరిలో గత మూడేళ్లలో చదువు మధ్యలో ఆపిన వాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఎందుకు ఆపారో పక్కన రాయండి. 'బద్ధకం' అని మాత్రం రాయకండి, వెళ్లి అడిగి రాయండి.

రెండు, ఈసారి పది, ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున ఊరికి ఒకరు బాధ్యత తీసుకోండి. స్టేటస్‌లో ఫొటోలు పెట్టే ముందు తప్పిన వాళ్ల ఇంటికి వెళ్లండి. ఫీజు గడువు, పరీక్ష తేదీ, హాల్ టికెట్, ఈ మూడూ వాళ్ల చేతికి అందేదాకా మీ పని అయిపోలేదు.

మూడు, ఇది తండ్రులకూ అన్నలకూ. బడి నుంచి అమ్మాయికి సైకిల్ వస్తే అది ఆ అమ్మాయిది. సంతకు మూటలు వేసుకుని మీరు తొక్కుకెళ్తే, ఆమె నడిచి బడికి వెళ్లి ఒకరోజు మానేస్తుంది, తర్వాత రెండు రోజులు మానేస్తుంది. నైరో ఇంట్లో సైకిల్ కొన్నది బడికి వెళ్లడానికే అని గుర్తుపెట్టుకోండి.

వెనకబడి ఉన్న వాళ్లు ఎవరైనా ఈ సభలో ఉంటే మీతో ఒక మాట. పందెంలో గడువు దాటితే ఇంటికి పంపేస్తారు. చదువులో అలా లేదు. ఈ ఏడాది పోతే వచ్చే ఏడాది ఉంది, ఓపెన్ స్కూల్ ఉంది. కాకపోతే ఒంటరిగా తొక్కకండి. పక్క ఊళ్లో మీలాంటి వాళ్లు ఇంకో నలుగురు ఉంటారు. వాళ్లను కలవండి. లెక్క కట్టడానికి ఎవరూ లేకపోతే మా హాస్టల్‌కు రండి.

సంతలో కలిసిన ఆ అమ్మాయిని నేను మళ్లీ వెతుక్కుంటూ వెళ్లాను. బిడ్డ కాస్త పెద్దయ్యాక చూద్దాం మేడమ్ అంది. ప్రతి సంక్రాంతికీ వెళ్లి అడుగుతూనే ఉన్నాను. ఇంకా సరే అనలేదు. ఈసారీ వెళ్తాను. మీలో ఎవరైనా నాతో వస్తానంటే, సభ అయ్యాక నా దగ్గర పేరు ఇచ్చి వెళ్లండి.