బర్మా దేశమున సైనిక పాలనము



రచ్చబండయొద్ద రాజకీయములు ముచ్చటించునపుడు, నాయకుల కలహములకు విసిగినవారు "ఈ దేశము బాగుపడవలెనన్న కొన్నాళ్లు సైన్యము పాలింపవలెను" అని యనుట కలదు. మన పొరుగుదేశమైన బర్మాలో ఆ మాట కార్యరూపము దాల్చెను. 1989 మొదలు ఆ దేశమునకు మయన్మారని పేరు. అచ్చట కలిగిన ఫలమెట్టిదో నేడు మనవి చేసెదను.

బర్మా మన తీరగ్రామములకు క్రొత్తది కాదు. విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వేలకొలది కూలీలు ఓడలెక్కి రంగూను పోయి, ధాన్యపు మిల్లులలోను రేవులోను పనిచేసిరి. కోరంగి రేవు పేరునుబట్టి అచ్చటివారు మన తెలుగువారిని కోరంగీలని పిలిచెడివారు. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు లోకమున నన్ని దేశములకంటె నెక్కువగా బియ్యము ఎగుమతి చేసినది ఆ దేశమే.

అచ్చట సైన్యమునకు గౌరవము ఊరక రాలేదు. 1941లో ఆంగ్ సాన్ మొదలగు యువకులు జపానువారి సాయముతో స్వాతంత్ర్యసేనను కూర్చిరి. 1945లో ఆ జపానువారిపైననే తిరుగబడిరి. 1947 జూలై 19వ తేదీన ఆంగ్ సాన్ తన సహచరులతో గూడ ఆలోచనసభలోనే కాల్చి చంపబడెను. 1948 జనవరి 4వ తేదీన స్వాతంత్ర్యము వచ్చెను. ఏడాది తిరుగకమునుపే కమ్యూనిస్టులును, పిమ్మట కరెను జాతివారును తిరుగుబాటు చేసిరి. దేశము ముక్కలు గాకుండ నిలిపినది తామేయని సైనికులు తలచిరి. ఆ తలంపునందు కొంత నిజము లేకపోలేదు.

1958లో పాలకపక్షము రెండుగా చీలెను. ప్రధానమంత్రి ఊ నూ సేనాధిపతియగు నే విన్‌ను తానే పిలిచి, ఆరు మాసములలో ఎన్నికలు జరిపింపుమని అధికారమొప్పగించెను. ఆరు మాసములు ఏడాదిన్నర అయినవి. రంగూను వీధులు శుభ్రపడినవి. పాకలలోనివారికై క్రొత్త పేటలు వెలసినవి. 1960లో ఎన్నికలు జరిగి ఊ నూ మఱల గెలువగా సైన్యము తప్పుకొనెను. కాని రాజ్యమును తామే నడపగలమను నమ్మకము సేనానుల మనస్సులలో నిలిచిపోయెను. 1962 మార్చి 2వ తేదీన, ఎవరును పిలువకయే, సైన్యము వచ్చి ప్రధానిని మంత్రులను నిర్బంధించి పార్లమెంటును రద్దుచేసెను.

పిమ్మట బ్యాంకులు, మిల్లులు, దుకాణములు ప్రభుత్వపరమయ్యెను. వర్తకమెఱుగని సైనికాధికారులు వానిపై పెత్తనమునకు వచ్చిరి. ధాన్యమును ప్రభుత్వమే తాను కట్టిన తక్కువ వెలకు కొనుచుండుటచే, అధికముగా పండింపవలెనను ఆసక్తి రైతునకు సన్నగిల్లెను. ఈ పద్ధతి తప్పని పైవానికి చెప్పుటకు క్రిందివానికి ధైర్యము లేదు. సైన్యమునందు ఆజ్ఞకు ఎదురుమాట లేదు గదా! 1964లో 50, 100 క్యాట్ల నోట్లను రద్దుచేసిరి. అంగళ్లు పోయి, కూడబెట్టినది పోయి, లక్షలకొలది భారతీయులు స్వదేశమునకు మరలిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట పేరు ఆ కష్టమునకు గుర్తు. 1987లో మఱల నోట్లు రద్దయినవి. ఆ యేడే ఐక్యరాజ్యసమితి, ఒకప్పటి ఆ ధాన్యాగారమును మిక్కిలి వెనుకబడిన దేశములలో చేర్చెను.

1988లో ప్రజలు తిరుగబడిరి; కాల్పులలో పెక్కుమంది మరణించిరి. 1990లో ఎన్నికలు జరిపి, ఆంగ్ సాన్ కుమార్తెయగు సూచీ పక్షము గెలువగా, సేనానులు అధికారమీయరైరి. 2008లో వారు వ్రాయించిన రాజ్యాంగమున పార్లమెంటులో నాల్గవవంతు స్థానములు సైన్యమునకే యుంచిరి. అందలి ముఖ్యభాగములను సవరింపవలెనన్న నూటికి 75 మించి సమ్మతి కావలెను. అనగా సైన్యమొప్పినగాని సైన్యపు పట్టు సడలదు. రక్షణ, హోము, సరిహద్దు శాఖల మంత్రులను నిర్ణయించువాడు సేనాధిపతియే. 2015లోను 2020లోను ప్రజలు సూచీ పక్షమునే గెలిపించిరి. 2021 ఫిబ్రవరి 1వ తేదీన సైన్యము మఱల అధికారము లాగికొనెను. ఆ తరువాతి పోరులలో ఇల్లువాకిలి విడిచినవారితో దేశమున నిరాశ్రయుల సంఖ్య 30 లక్షలు మించెనని ఐక్యరాజ్యసమితి 2024లో తెలిపెను.

సైనికుని దూషించుట నా యుద్దేశము కాదు. ఎల్లయందు నిలిచి ప్రాణమొడ్డువాడు పూజ్యుడు. చేనికి కంచె కావలెను. కంచెయే చేను మేసినచో రైతు ఎవరితో చెప్పుకొనును? మన దేశమున 1947లోనే మూడు బలములకు మూడు వేఱు అధిపతులనుంచిరి; 1955లో వారికున్న సర్వసేనాధిపతి యను పదవీనామమును తొలగించిరి. వారందరును ఎన్నికైన మంత్రివర్గమునకు లోబడినవారే. మనము కూర్చుండబెట్టిన నాయకుడు చెడ్డవాడైనచో ఐదేండ్లకు దింపవచ్చును. తుపాకి కూర్చుండబెట్టినవానిని దింపుటకై బర్మావారు మూడు తరములుగా పాటుపడుచున్నారు.

నాయకులు కలహించినపుడు వోటు గలవాడు తన వోటును మఱింత ఆలోచించి వేయవలెను గాని, తీర్పు చెప్పుటకు ఆయుధము పట్టినవానిని పిలువరాదు. ఈ సంగతి పిన్నలకు తెలియజెప్పవలసినవారు పెద్దలగు మీరే.

సెలవు.