పాలపన్ను లోపల ప్రాణం ఉండగానే

(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, రికవరీలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. ఇప్పుడు పిల్లల పళ్ళ గురించి మాట్లాడతామంటే కొందరికి నవ్వు రావచ్చు. సబ్బవరంలో అడిగినా, ఆరిపాకలో అడిగినా, గుల్లేపల్లిలో అడిగినా ఒకటే మాట: "పాలపళ్ళే కదేటి, ఎలాగూ ఊడిపోతాయి."

ఊడిపోయే మాట నిజమే. ఎప్పుడన్నదే లెక్క. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి. నమిలే దవడ పళ్ళు మాత్రం 10 నుంచి 12 ఏళ్ళ దాకా ఉండాలి. నాలుగేళ్ళకే దవడ పన్ను పుచ్చితే, ఆ పిల్లడు దాంతోనే ఇంకా ఆరేడేళ్ళు బువ్వ తినాలన్నమాట. ఇంకో సంగతి. ఆరో ఏట ఆఖరి పాలపన్ను వెనకాల ఒక కొత్త దవడ పన్ను వస్తుంది. ఏదీ ఊడకుండా వస్తుంది కాబట్టి దాన్నీ పాలపన్నే అనుకుంటాం. కాదు, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని ముందున్న పాలపన్నుని తొందరపడి పీకించేస్తే అది ముందుకు జరిగిపోతుంది, చిగురు లోంచి రావాల్సిన పన్నుకి చోటు చాలదు.

పన్నంటే రాయి కాదు. పైన గట్టి పెంకు, దాని కింద ఇంకో పొర, నడుమ మెత్తటి గుజ్జు. నెత్తురు, నరాలు ఉండేది ఆ గుజ్జులోనే. డాక్టర్లు పల్ప్ అంటారు. పాలపళ్ళలో పై పొరలు పల్చన, గుజ్జు పెద్దది. అందుకే పైకి చిన్న నల్ల గుంట కనిపించినా లోపల పుచ్చు గుజ్జు దాకా పోయి ఉంటుంది.

అయితే గుజ్జు ఒక్కసారిగా చావదు. పైనుంచి కిందకి చెడుతూ వస్తుంది. పైభాగం చెడినా వేళ్ళలో ఉన్నది ఇంకా బతికే ఉంటుంది. ఆ టైములో వెళ్తే డాక్టరు ఎక్స్‌రే తీసి, మత్తు సూది వేసి, పుచ్చునీ చెడిన పైభాగం గుజ్జునీ తీసేస్తారు. దూది అదిమి పెడితే నెత్తురు ఆగిందా, వేళ్ళలోది బాగున్నట్టు. దాని మీద మందు పెట్టి, స్టీలు టోపీ తొడుగుతారు. దీన్నే పల్పాటమీ అంటారు. ఒకప్పుడు ఫార్మోక్రెసాల్ అనే ఘాటు మందు అద్దేవారు. ఇప్పుడు ఎం.టి.ఎ. అనే సిమెంటు లాంటి మందు మేలంటున్నారు, కాకపోతే ఖరీదెక్కువ. టోపీ వెండి రంగులో మెరుస్తుంది. ఆడపిల్లకి బాగోదని వద్దనకండి. దవడ పన్ను ఎవరికి కనిపిస్తుంది? టోపీ లేకపోతే పల్చబడ్డ పన్ను విరిగిపోతుంది.

గుజ్జు బతికుందో లేదో ఇంట్లో ఎలా తెలుస్తుంది? పూర్తిగా తెలియదు, డాక్టరే చూడాలి. కానీ గుర్తులున్నాయి. తీపి తిన్నప్పుడో, చల్లనీళ్ళు తాగినప్పుడో జివ్వుమని కాసేపటికి తగ్గిపోతే ఇంకా టైముంది. ఏమీ తినకుండానే, అర్ధరాత్రి లేచి ఏడుస్తుంటే ఆలస్యమవుతున్నట్టు. చిగురు మీద చీము పొక్కు లేచినా, బుగ్గ వాచినా పల్పాటమీ చెయ్యరు. వేళ్ళ దాకా శుభ్రం చెయ్యాలి, లేదా పీకాలి. పీకితే ఖాళీ మూసుకుపోకుండా తీగ వేస్తారా అని అడగండి.

మనందరం మోసపోయేది ఇక్కడే. లవంగ నూనె పెడతాం, నొప్పి తగ్గుతుంది, నయమైపోయిందనుకుంటాం. గుజ్జు చచ్చిపోయినా నొప్పి తగ్గుతుందమ్మా. నెల తరవాత పొక్కు లేస్తుంది. జర్దా మాత్రం పిల్లల నోట్లో పెట్టొద్దు.

"పంట డబ్బులొచ్చాక చూద్దాం" అనే మాట కూడా అంతే. మన చేతికి డబ్బొచ్చేదాకా పుచ్చు ఆగదు. అందుకే ఒక ప్రతిపాదన పెడుతున్నాం. పిల్లల పంటి వైద్యానికి సంఘం పొదుపులోంచి చిన్న అప్పు అడిగితే నెల మీటింగు దాకా ఆపకుండా ఇవ్వాలి. గేదెకి జబ్బు చేస్తే ఆగుతామా?

ఎక్కడికెళ్ళాలంటే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళు అంగన్‌వాడీలకీ, బడులకీ వచ్చి చూసే జబ్బుల్లో పళ్ళు కూడా ఉన్నాయి. వాళ్ళొచ్చిన రోజు పిల్లల్ని బడి మాన్పించకండి. విశాఖ వైపు రుషికొండలో గీతం, సంగివలసలో అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీలున్నాయి. డెంటల్ కాలేజీల్లో పిల్లల పళ్ళకి వేరే విభాగం ఉంటుంది.

పళ్ళు పుచ్చకుండా చూసుకోవడం అన్నిటికన్నా చవక. అనకాపల్లి బెల్లం మనకి గర్వమే, కానీ పంటికి బెల్లమూ తీపే, పంచదారా తీపే. తీపి పాల సీసాతో పిల్లల్ని పడుకోబెట్టొద్దు. ఫ్లోరైడ్ పేస్టు మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆపైన ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత, రెండు పూటలా.

వచ్చే నెల గ్రామ సంఘం మీటింగుకి ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని వెంట తీసుకురండి. సెల్‌ఫోన్ లైటు చాలు. దవడ పళ్ళ మీద, రెండు పళ్ళ మధ్య సందుల్లో నల్లగా ఎవరికి కనిపిస్తే వాళ్ళ పేరు మినిట్సు పుస్తకంలో రాయించండి. రాత్రి నొప్పి ఉన్నవాళ్ళ పేర్లు పైన రాయండి, వాళ్ళని ముందు పంపుదాం.