కంప్యూటరుకు రెండో జాడీ



వేసవిలో ఆవకాయ పెట్టాక మనం ఏం చేస్తాం? అంతా ఒకే జాడీలో వుంచి రోజూ అందులోనే చెయ్యి పెట్టం. నెలకు సరిపడా చిన్న జాడీలోకి తీసుకుని, పెద్ద జాడీకి వాసెన కట్టి అటక ఎక్కిస్తాం. చిన్నదానికి తడి తగిలి బూజు పట్టినా పెద్దది ఆదుకుంటుంది. ఊరగాయ విషయంలో ఇంత ముందుచూపు వున్న మనం, ఇంట్లో కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం సర్వస్వమూ ఒక్క జాడీలోనే వుంచేస్తున్నాం. ఇవాళ ఆ సంగతే మీతో ముచ్చటిస్తాను.

ముందు మా ఇంట్లో జరిగినది చెబుతాను. భద్రాచలంలో శ్రీరామనవమి దగ్గర పడుతోందంటే ఆడవాళ్ళు నలుగురూ చేరి, వడ్లను గోటితో ఒలిచి కల్యాణ తలంబ్రాలు సిద్ధం చేస్తారని మీకు తెలుసు. అలా కూర్చున్నప్పుడు మా అత్తగారు పాటలు పాడేవారు. వాటిని సెల్‌ఫోనులో రికార్డు చేసి, కంప్యూటరులోకి ఎక్కించి, ఫోనులో జాగా లేదని అక్కడ చెరిపేశాను. ఆవిడ కాలం చేసిన మరుసటి ఏడు, గాలివానకు కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చిన రాత్రి తెల్లవారి చూస్తే, కంప్యూటరు తెరుచుకోలేదు. పెట్టెలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు. రిపేరు చేసే అబ్బాయి చూసి, “డిస్కు పోయిందమ్మా. ఇంకోచోట ఏమైనా దాచారా?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పెద్ద ఊళ్ళలో అలాంటి డిస్కుల్లోంచి సమాచారం వెలికితీసే చోట్లు వున్నాయట. ఖర్చు చాలా ఎక్కువ, దక్కుతుందన్న హామీ లేదు. మాకు దక్కలేదు. డిస్కు మళ్ళీ కొనుక్కున్నాం. గొంతు ఎక్కడ కొనుక్కుంటాం?

ఇంతకీ ఈ డిస్కు అంటే ఏమిటి? లోపల అద్దాల్లాంటి పళ్ళేలు వుంటాయి. నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో తిరుగుతాయి. వాటిపైన రాసే ముల్లు, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కన్నా తక్కువ ఎడంలో తేలుతూ వుంటుంది. 1956లో ఐ.బి.ఎం. కంపెనీ మొదటి హార్డ్ డిస్కు తెచ్చినప్పుడు, 24 అంగుళాల పళ్ళేలు 50 పేరిస్తే పట్టినవి 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఇవాళ అరచేతిలో ఇమిడే ఒక టెరాబైట్ డిస్కులో లక్ష కోట్ల బైట్లు పడతాయి. పట్టేది పెరిగినకొద్దీ, పోతే పోయేదీ పెరిగింది. పళ్ళేలు లేని ఎస్.ఎస్.డి.లు వచ్చాయి కదా అంటారేమో. వాటిలో తిరిగేది ఏదీ లేదు గనుక దెబ్బలకు బాగా ఆగుతాయి, నిజమే. కానీ అవి పోయేటప్పుడు టిక్కుమని హెచ్చరిక అయినా చెయ్యకుండా పోవచ్చు.

అంచేత, పెట్టెలో రెండో డిస్కు పెట్టించుకోవడం మంచిది. ఇది మనం చేసుకోలేనంత పని కాదు. మిక్సీ జారు బిగించడం వచ్చిన చేతులకు ఇదీ వస్తుంది.

కొనేముందు పెట్టె తెరిచి మూడు చూసుకోండి. డిస్కు కూర్చునే ఖాళీ అర వుందా? మదర్‌బోర్డు మీద సాటా అనే సాకెట్టు ఒకటి ఖాళీగా వుందా? కరెంటు డబ్బా నుంచి వచ్చే వైర్లలో డిస్కుకు పెట్టే కొన మిగిలి వుందా? ఇంకా గ్యారంటీ కాలంలో వుంటే, పెట్టె తెరవవచ్చునో లేదో అమ్మిన దుకాణంలో ముందు అడగండి. పాత డిస్కులో వున్న సరుకుకు కనీసం రెట్టింపు పట్టేదాన్ని కొనండి. సాటా వైరు విడిగా కొనవలసి రావచ్చు, అది మరిచిపోకండి.

బిగించే రోజున కంప్యూటరు ఆపి, ప్లగ్గు గోడలోంచి పూర్తిగా లాగెయ్యండి. తర్వాత పవర్ బటను ఒక్కసారి కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. చేతి గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. ఆవేళకు నైలాను చీర వద్దు, నూలు చీర కట్టుకోండి. సింథటిక్ బట్టల్లో పుట్టే చిటపట మనకు తెలియకుండానే సున్నితమైన భాగాలను పాడుచెయ్యగలదు. పని మొదలుపెట్టేముందు పెట్టె లోపలి రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. కరెంటు డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకండి సుమండీ!

వెనుక మరలు తీసి పక్క రేకు జరిపితే లోపల అంతా కనబడుతుంది. కొత్త డిస్కును అరలోకి జరిపి, దానితో వచ్చిన పొట్టి మరలే బిగించండి. పొడుగు మరలు లోపలికి గుచ్చుకుంటాయి. రెండు డిస్కుల మధ్య గాలి ఆడేందుకు కాస్త ఎడం వుంటే మేలు. సన్నని సాటా వైరు ఒక కొన డిస్కుకు, రెండోది మదర్‌బోర్డుకు పెట్టాలి. వెడల్పాటి కొన కరెంటుది. రెండింటికీ లోపల ఒక వంపు వుంటుంది గనుక ఒక్క తీరుగానే పడతాయి. పడలేదంటే తిప్పి చూడండి, బలవంతం చెయ్యకండి. పాత డిస్కు వైర్లు కదిలించవద్దు.

మూత వేసి కంప్యూటరు ఆన్ చేస్తే కొత్త డిస్కు వెంటనే కనబడదు. చాలామంది ఇక్కడే కంగారు పడతారు. విండోసులో డిస్క్ మేనేజ్‌మెంట్ అనేది తెరిస్తే, కొత్త డిస్కును సిద్ధం చెయ్యమంటారా అని అడుగుతుంది. జీపీటీ అనే పద్ధతి ఎంచుకుని, కొత్త వాల్యూము చేసి, ఎన్.టి.ఎఫ్.ఎస్.గా ఫార్మాట్ చెయ్యాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఫార్మాట్ చేస్తే వున్నదంతా చెరిగిపోతుంది. అంచేత సైజు చూసి, పేరు చూసి, ఇది కొత్తదేనని రెండుసార్లు రూఢి చేసుకున్నాకే నొక్కండి.

ఇక కాపీలు తియ్యడం. ఇవి రెండు రకాలు. మొదటిది మన ఫైళ్ళ కాపీ. ఫొటోలు, పాటలు, పిల్లల సర్టిఫికెట్లు, డాక్టరు రిపోర్టులు, పొదుపు సంఘం లెక్కలు అన్నీ ఇందులోకి వస్తాయి. విండోస్ 10, 11లలో కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీ అని వుంటుంది. దానికి కొత్త డిస్కు చూపిస్తే, మారిన ఫైళ్ళను తనే వేళకు కాపీ చేస్తూ వుంటుంది. ఏయే ఫోల్డర్లు తీసుకుంటోందో ఒకసారి చూసుకోండి. ఎక్కడో మూలన మనం చేసుకున్న ఫోల్డరు అందులోకి రాకపోవచ్చు.

రెండోది సిస్టమ్ కాపీ. అంటే వంటిల్లంతా డబ్బాలు, పోపులపెట్టె ఎక్కడివక్కడ వున్నట్టే బొమ్మ తీసి వుంచుకోవడం అన్నమాట. పాత డిస్కు పోతే, అంతే సైజుదో అంతకన్నా పెద్దదో తెచ్చి, ఈ బొమ్మను దాని మీద దించితే కంప్యూటరు మునుపటిలాగే తెరుచుకుంటుంది. ఇది నెలకొకసారి తీసినా చాలు. అయితే పాత డిస్కు పోయాక కంప్యూటరు ఎలా మొదలవుతుంది? అందుకని ఇప్పుడే 32 జీబీ పెన్‌డ్రైవు ఒకటి రికవరీ డ్రైవుగా చేసి బీరువాలో వుంచండి. ఇల్లు తాళం వేసి తాళంచెవి లోపలే వదిలెయ్యం కదా!

కాపీ తీశామని ఊరుకోకండి. నెలకొకసారి కొత్త డిస్కులోంచి ఒక ఫొటో, ఒక పాట తెరిచి చూడండి. ఉప్పు చూడకుండా వడ్డిస్తే ఆ తప్పు విస్తరి దగ్గర బయటపడుతుంది. అలాగే జాగా వుంది కదా అని ఆ రెండో డిస్కులో సినిమాలు నింపకండి, అసలు ఫైళ్ళు అందులోకి మార్చి పాతచోట చెరపకండి. అలా చేస్తే మళ్ళీ ఒక్క జాడీయే మిగులుతుంది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. రెండు జాడీలూ ఒకే అటక మీద వుంటే, అటక కూలిన రోజున రెండూ పగులుతాయి. పిడుగు పడి లైను మీద ఎక్కువ కరెంటు వస్తే రెండు డిస్కులూ మాడిపోవచ్చు. వైరస్ చొరబడితే కాపీలకూ తాళం వేసేస్తుంది. మన ప్రాంతంలో నీళ్ళ సంగతి మరీ చెప్పాలా? భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ఒడ్డు కాలనీలను ముంచింది. నీళ్ళు ఇంట్లోకి వచ్చాక పిల్లలను, పెద్దలను, బియ్యాన్ని చూసుకుంటామా, కంప్యూటరు పెట్టెను మోస్తామా?

అంచేత మూడో కాపీ ఒకటి కావాలి. యూఎస్‌బీ వైరుతో పెట్టే బయటి డిస్కు ఒకటి కొని, నెలకొకసారి ముఖ్యమైనవి దానిలోకి ఎక్కించి, వెంటనే ఊడదీసి, ఎత్తున వున్న ఊళ్ళో పుట్టింట్లోనో, అక్కచెల్లెళ్ళ దగ్గరో వుంచండి. ఆమె డిస్కు మీ ఇంట్లో, మీ డిస్కు ఆమె ఇంట్లో. ఇంట్లోనే వుంచుకోక తప్పకపోతే, గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు కదా, అప్పుడే దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బట్టల సంచిలో వేసుకోండి. 48 దాకా, 53 దాకా చూద్దామని కూర్చోకండి.

మా ఇంట్లో ఇప్పుడు రెండో డిస్కు వుంది, మూడోది మా ఆడపడుచు దగ్గర వుంది. మొన్న దాన్ని తెచ్చుకుని తెరిచినప్పుడు, తలంబ్రాల దగ్గర పాడుతున్న మా ఆడపడుచు గొంతు వినిపించింది. తల్లి దగ్గర నేర్చుకున్న పాట అది. ఆవిడ గొంతు పోయింది గాని, పాట ఇంకోచోట దాగి వుందన్నమాట. ఆ ముందుచూపు ఆవిడది. నేను చేసినది ఈసారి దాన్ని మూడుచోట్ల దాచడమే.

మీ ఇంట్లో ఎవరి గొంతు ఒక్కచోటే వుందో ఇవాళే చూసుకోండి. సెలవు.